డైరెక్టర్ల బోర్డులో మన స్థానము
(కామ్‌రేజ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తపతీ తీరమున మనము సమావేశమైన ఈ కామ్‌రేజ్‌కు సమీపముననే సూరత్ మగ్గములున్నవి. తెలంగాణము నుండి వలసవచ్చిన మన నేత కార్మికులు అక్కడ తరతరాలుగా శ్రమించుచున్నారు. వారి వస్త్రమును దేశమంతటికి మోసినది రైలు. వారి మనియార్డరును ఇంటికి చేర్చినది తపాలా. శ్రమ మనది. నిర్ణయము మాత్రము మనము లేని గదిలో జరుగుచున్నది.

యాజమాన్యములో కార్మికుల భాగస్వామ్యమునకు ప్రభుత్వము చట్టము ద్వారా గాని, మరొక విధముగా గాని చర్యలు తీసుకొనవలెనని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగములో చేరిన 43-ఏ అధికరణము నిర్దేశించినది. అదే సంవత్సరము పశ్చిమ జర్మనీ, 2,000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగము స్థానములు ఉద్యోగుల పక్షమునకు ఇచ్చినది. మన దేశములోనో, 1990లో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు చట్టము కాలేదు. జాతీయము చేసిన బ్యాంకులలో 1970 చట్టము కల్పించిన కార్మిక డైరెక్టరు స్థానములు 2014 తరువాత అనేక బ్యాంకులలో ఏండ్ల తరబడి ఖాళీగా ఉండిపోయినవి.

"మనవి ప్రభుత్వ శాఖలు, బోర్డులతో మనకేమి పని?" అని కొందరు అడుగుదురు. ఐ.ఆర్.సి.టి.సి., కాంకర్, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ కంపెనీలు కావా? మన పని, మన భవిష్యత్తు వాటితో ముడిపడి లేవా?

స్థానము అడుగుట మన హక్కు. అయితే రేపు అది లభించినచో కూర్చుండుటకు సిద్ధముగా ఉన్నవారెవరు? ఆస్తి అప్పుల పట్టీ చదువలేని ప్రతినిధి బోర్డులో అలంకారమే. ఎజెండా పత్రములను ముందుగా పరిశీలించుట, ప్రశ్నించుట, అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయించుట మనము నేర్వవలెను. డైరెక్టరు వాటాదారుల మేలుతోపాటు ఉద్యోగుల మేలు కూడ చూడవలెనని 2013 కంపెనీల చట్టము 166వ సెక్షన్ చెప్పుచున్నది. కనుక అక్కడ కార్మికుని మాట యాచన కాదు, చట్టము అప్పగించిన విధి.

లిస్టెడ్ కంపెనీల బోర్డులలో కనీసమొక స్త్రీ ఉండవలెనని అదే చట్టము 149వ సెక్షన్ శాసించినది. 1905లో ఏర్పడిన రైల్వే బోర్డుకు తొలి మహిళా అధ్యక్షురాలిగా శ్రీమతి జయవర్మ సిన్హా వచ్చినది 2023లో. ఇతరులను నిందించుటకు ముందు మన శాఖా కమిటీలను చూచుకొందము. పట్టాలపై పనిచేయు సోదరీమణులు, గ్రామీణ డాక్ సేవికలు వాటిలో ఎందరున్నారు? సంతకమునకై ఒక్కరిని కూర్చుండబెట్టుట మొక్కుబడియే.

కావున ప్రతి శాఖయు నలుగురిని ఎన్నుకొనవలెను. అందు ఇద్దరు స్త్రీలు కావలెను. నెలకొక కంపెనీ వార్షిక నివేదికను వారు చదివి, సభ్యులకు వివరింపవలెను. ఈ పని వచ్చే నెలనే ప్రారంభింపుడని కోరుచున్నాను.