తన్నే కాలు, నిలబెట్టే కాలు

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఐటీలో ఇన్నేళ్ళు పనిచేశావు కదా, కృత్రిమ మేధ గురించి చెప్పు" అన్నారు. దాని గురించి చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో గల్లీకి నలుగురున్నారు, నేను మోకాలి గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. చివరికి "పది నిమిషాలే" అన్నారు.

మేము పదో తరగతి చదివే రోజుల్లో మాదాపూర్ వైపు వెళితే బండలు, ముళ్ళపొదలు, మేకలు కనిపించేవి. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడు అక్కడ అద్దాల మేడల మధ్య వలలు కట్టి, ఫ్లడ్‌లైట్లు పెట్టి టర్ఫ్ మైదానాలు నడుపుతున్నారు. గంటకింతని అద్దె. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, బూట్లు మార్చుకుని ఫుట్‌బాల్ ఆడే పిల్లలుంటారు. నాలుగేళ్ళ కిందటి వరకు వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక రాత్రి అలా ఆడుతూ ఎడమ కాలు గట్టిగా ఆనించి కుడివైపు తిరిగాను. నన్ను ఎవరూ తాకలేదు. మోకాలి లోపల టప్పుమంది. లిగమెంట్ తెగిందన్నారు. ఆటగాళ్ళు ఏసీఎల్ అంటారే, అది. ఆపరేషన్ అయ్యాక నా కూతురి వయసున్న ఫిజియోథెరపిస్ట్ ఒకమ్మాయి అడిగింది: "అంకుల్, మీరు ఏ కాలితో తంతారు?"

"కుడి కాలితో" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మరి అప్పుడు ఎడమ కాలు ఏం చేస్తుంది?"

నలభై ఏళ్ళు ఆడాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బంతిని తన్నే క్షణంలో ఒంటి బరువంతా రెండో కాలి మీదే ఉంటుంది. తన్నే కాలికి తుంటి ముందు, తొడ ముందు ఉన్న కండరాలు వేగాన్నిస్తాయి. నిలబడ్డ కాలి పని వేరు. తుంటి పక్క కండరాలు నడుము ఒరిగిపోకుండా పట్టుకోవాలి. తొడ వెనక కండరాలు మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా కాయాలి. చీలమండ క్షణక్షణం సర్దుకుంటూ ఉండాలి. ఏళ్ళ తరబడి ఇలా ఆడితే రెండు కాళ్ళూ రెండు వేర్వేరు పనుల్లో ఆరితేరుతాయి. కాబట్టి కొంత తేడా ఉండటం జబ్బేమీ కాదు. ఆటగాళ్ళను పరీక్షించిన అధ్యయనాలు కూడా అన్నీ ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో నిలబెట్టే కాలికి నిలకడ ఎక్కువ, కొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడాయే లేదు.

పోనీ, ఏ కాలికి ప్రమాదం ఎక్కువ? 2010లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఎవరూ తగలకుండానే ఈ లిగమెంట్ తెగిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళను లెక్కించారు. మగవాళ్ళలో 74 శాతం మందికి తన్నే కాలు దెబ్బతింది. ఆడవాళ్ళలో 68 శాతం మందికి నిలబెట్టే కాలు దెబ్బతింది. ఈ కాలు భద్రం, ఆ కాలికే ప్రమాదం అని చెప్పడానికి లేదన్నమాట.

ఇంజనీరును కాబట్టి నాకు కొలత కావాలి. ఆరో నెలలో ఆ అమ్మాయి నేల మీద టేపు పరిచి ఒంటికాలితో గెంతమంది. కుడి కాలితో 120 సెంటీమీటర్లు, ఎడమ కాలితో 90. అంటే 75 శాతం. మళ్ళీ ఆటకు దిగాలంటే కనీసం 90 శాతం ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. తొమ్మిదో నెలలో నాకు 92 శాతం వచ్చింది. ఇంట్లో మిఠాయిలు కూడా పంచాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అంకుల్, అంకెలు చూడండి" అంది. ఎడమ కాలు 97కి పెరిగింది. కుడి కాలు 105కి పడిపోయింది. ఎడమ కాలికే కసరత్తు చేయించి, కుడి కాలిని పట్టించుకోలేదు నేను. నిష్పత్తి బాగుపడిందంటే సగానికి పైగా కారణం మంచి కాలు బలహీనపడటమే! ఎన్నో ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇలాంటి శాతాలు చూసి మోసపోయినవాణ్ణి, నా కాళ్ళ దగ్గరా మోసపోయాను.

బలహీనమైన కాలిని పట్టించుకోవాలన్న మాట మన హైదరాబాద్‌కు కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చింది. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. రహీమ్ సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు.

అదే పద్ధతి మన పీఈటీ సారు ఇక్కడ నడిపారు. గురువారం ఆఖరి పీరియడ్ గుర్తుందా? కుడి కాలికి చేతిరుమాలు కట్టించేవారు. ఆ కాలికి బంతి తగిలితే ఫౌల్. ఎక్కువ గోల్స్ కొట్టేవాణ్ణి కదా, అందరి ముందూ తడబడటం నాకు నామోషీ. గురువారం వస్తే నాకు కడుపునొప్పి వచ్చేది. సారుకు అది అబద్ధమని తెలుసు, ఏమీ అనేవారు కాదు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. అది చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

మనం గెలిచిన ఆ జోనల్ ఫైనల్‌లో నేను కెప్టెన్‌ని. రెండో సగంలో మా లెఫ్ట్ బ్యాక్ మోకాలు మెలిపడి కూర్చుండిపోయాడు. "మోకాలు నిలవట్లేదురా" అన్నాడు నాతో. సారు వచ్చి, "ఆడగలవా?" అని వాణ్ణి అడిగారు. జవాబు నేను చెప్పాను: "ఆడతాడు సార్." జకార్తా ఫైనల్‌లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడి గోల్ కొట్టాడన్న కథ విని పెరిగినవాళ్ళం. కుంటడమంటే మాకు పిరికితనం. వాడు క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని లేచాడు. పది నిమిషాల తర్వాత అదే మోకాలు మళ్ళీ మెలిపడింది.

హెడ్‌మాస్టర్ గదిలో ఆ కప్పుతో దిగిన ఫొటో ఉంది. అందులో వాడొక్కడే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. స్టయిల్ కోసమనుకున్నారందరూ. వాడికి లేవడం చేతకాలేదు. ఆ రోజుల్లో స్కాన్లు మనవాళ్ళకెక్కడివి? నూనె మర్దన చేశారు, కట్టు కట్టారు, అంతే. వాడు మళ్ళీ ఆడలేదు. ఈ రోజు పొద్దున మెట్ల మీద వాడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి ఎక్కుతుంటే వెనకాలే వచ్చాను. నా మోకాలు పోయాకే నాకు వాడి మోకాలు గుర్తొచ్చింది. అంతకు ముందు నలభై ఏళ్ళు గుర్తు రాలేదు.

ఇది సభలో చెప్పనా అని వాణ్ణి అడిగాను. "చెప్పుకోరా, నా పేరు మాత్రం చెప్పకు. ఆ కప్పును తుడిచి బయట పెట్టించు" అన్నాడు. కప్పు బయట పెట్టారు, చూశాను. ఒరేయ్, ఆ రోజు నీ జవాబు నేను చెప్పాను. తప్పు నాది. క్షమించు.

మన సంఘానికి రెండు మనవులు. మొదటిది, ఇక్కడ ఆడే పిల్లలకు ఫిఫా 11 ప్లస్ అనే సన్నాహక వ్యాయామాలు నేర్పించండి. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు. పరుగు, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాలకు బలం, గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం, అంతే. పరికరాలతో పని లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,892 మందితో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఈ వ్యాయామాలు చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఏడాదికి రెండుసార్లు టేపు పరిచి, రెండు కాళ్ళ గెంతులూ పుస్తకంలో రాయండి. శాతం ఒక్కటే రాయకండి, సెంటీమీటర్లు కూడా రాయండి.

రెండోది, దెబ్బ తగిలిన పిల్లవాడి మాట నమ్మండి. వాడి తరఫున కెప్టెన్ జవాబు చెప్పకూడదు.

ఇక మన వయసువాళ్ళ సంగతి. 2022లో అచ్చయిన ఒక అధ్యయనంలో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమన్నారు. ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాతి ఏళ్ళలో చనిపోయినవాళ్ళ శాతం ఆ నిలబడలేనివాళ్ళలోనే ఎక్కువ. నిలకడ లేకపోవడమే చావుకు కారణమని కాదు, ఒంట్లో సంగతి అది ముందుగా చెబుతుందని. ఇంటికి వెళ్ళాక గోడ పక్కన నిలబడి చూసుకోండి. రెండు కాళ్ళతోనూ.

సార్, మీ గురువారం పీరియడ్లు నేను చాలా బాకీ ఉన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున ఎడమ కాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. వీలైతే హాజరు వేయండి.

సెలవు.