పచ్చని ఇసుక తీరము

ఇసుక యనగానే మనకు తోచునది తెలుపు, లేదా గోధుమ వన్నె. ఆకుపచ్చని ఇసుక గల తీరములు లోకమున వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే కలవు. అందొకటి పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపమున నున్న పాపకోలేయ. నేడు మనము కాలినడకను అచటికి పోయివత్తము.

ద్వీపపు దక్షిణాగ్రమునకు క లాయె యని పేరు. అమెరికా యేబది రాష్ట్రములలోను దక్షిణపు కొస యిదియే. తొలి నావికులు పడవలను కట్టివేయుటకై లావా రాతిలో తొలచిన రంధ్రము లిచట నేటికిని కాననగును. గాలి యెంత బలమైనదన, చెట్లన్నియు ఒకే వైపునకు వంగి పెరిగినవి. బాట ముగిసిన చోటినుండి తీరము వెంట సుమారు 4 కిలోమీటర్లు నడువవలెను. నీడ లేదు, త్రాగునీరు లేదు, ఎఱ్ఱని దుమ్ము కన్నులలో పడుచుండును. నీరు వెంట గొనిపోవుట మఱవరాదు.

తుదకొక కొండ యెదురగును. దాని పేరు పుఉ మహానా. సుమారు 49,000 ఏండ్ల క్రిందట అగ్నిపర్వతోద్గారమున బూడిద పేరుకొని యేర్పడిన గుట్ట యిది. సముద్రము దాని నొకవైపు కొఱికివేయగా, ఆ గర్భముననే చిన్న అఖాతము వెలసినది. నిటారుగా దిగినచో పాదముల క్రింద నానబెట్టిన పెసల వన్నె గల ఇసుక! గుప్పిట బట్టి చూచిన గాజువలె మెఱయు పచ్చని రేణువులు, వాని నడుమ నల్లని లావా నలుసులు.

ఆ పచ్చని రేణువులే ఆలివిన్ అను ఖనిజము. ఇనుము, మెగ్నీషియము, సిలికాలు కలిసిన స్ఫటిక మది. అలలు గుట్టను కరగించి, మన యిండ్లలో చేటతో చెఱిగినట్లు చెఱుగును. తేలికయైన బూడిద కడలిలోనికి కొట్టుకొనిపోవును. బరువైన ఆలివిన్ ఒడ్డున నిలుచును. మన భీమునిపట్టణపు తీరమున ఇల్మనైటు, గార్నెట్టు నల్లని, ఎఱ్ఱని చాఱలుగా నిలుచుటకును ఈ చెఱుగుటయే కారణము.

అయితే భీమిలి ఇసుకకు తూర్పుకనుమల యంతటి గాదె యున్నది. పాపకోలేయకు ఈ యొక్క గుట్టయే గాదె. పైగా ఆలివిన్ నీటికి, గాలికి త్వరగా శిథిలమగు ఖనిజము. గుట్ట తరిగినకొలది పచ్చదనమునకు గడువు తరుగుచున్నది. ఇచ్చిన సముద్రమే తీసికొనుచున్నది; దానికి మనము చేయగలది లేదు.

మనము చేయకుండగలది మాత్రము కలదు. ఈ నేల 1921 నాటి శాసనముచే హవాయి మూలవాసులకై ప్రత్యేకింపబడిన భూములలోనిది. వాహనములకు నిషేధ మున్నను, నడువ నొల్లనివారి బండ్ల చక్రములు ఆ నేలను లోతుగా చీల్చివేసినవి. తీరముల నుండి ఇసుక తీసికొనిపోవుటయు చట్టవిరుద్ధమే. గుప్పెడే గదా యని ప్రతివాడును అనుకొనును. కాని గాదె యొక్కటియే, గుప్పిళ్ళు అనేకములు.

కావున ఆ నాలుగు కిలోమీటర్లను ఎండలోనైనను కాళ్ళతోనే నడుతము. తిరిగి గుట్ట యెక్కుటకు ముందు పాదములకంటిన రేణువులనుకూడ అచటనే దులిపి వత్తము.