లైఫ్ జాకెట్టు ఒక్కటే చాలదు

(దళిత విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట చర్చకు పెట్టిన విషయం విని కొందరు మిత్రులు నవ్వారు. యూనివర్సిటీల్లో తెరచాప పడవల క్లబ్బులట, వాటిల్లో సభ్యుల రక్షణట, బాగోగులట! హాస్టలు మెస్సు గురించీ, ఆగిన స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడాల్సినచోట ఈ దొరల ఆట గొడవ మనకెందుకని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అంబేద్కర్ విదేశీ విద్యానిధి వంటి పథకాలతో మన పిల్లలు బ్రిటన్ చదువులకు పోతున్నారు. అక్కడ యూనివర్సిటీ తెరిచిన మొదటి రోజుల్లోనే క్లబ్బులవాళ్లు బల్లలు వేసుకు కూర్చుని సభ్యత్వాలు రాస్తారు. తెరచాప పడవల క్లబ్బు కూడా అందులో ఉంటుంది. ఇక్కడ చూస్తే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద ఆ శిక్షణ నడుస్తోంది. ఎన్‌సీసీ నౌకా విభాగంలో చేరిన కాలేజీ పిల్లలు పడవలెక్కుతున్నారు. 2014 మే 25న గురుకులాల నుంచి మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కాక 'ఇది మనోళ్ల ఆట కాదు' అనే మాట చెల్లదు. పిల్లలు వెళతారు, వెళ్లాలి. వెళ్లినచోట వాళ్లకు కాపు ఎవరన్నదే మన ప్రశ్న.

నీళ్లతో మన సంబంధం వేరు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టడానికి బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సొచ్చింది. కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆ నీళ్లు పాడుచేయొద్దని అడ్డుకున్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు 1985 జులై 17న ఆరుగురి ప్రాణాలు తీశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను చంపి గోనెసంచుల్లో కట్టి కాలవలో పారేశారు. ఊరి చెరువులో మునగనివ్వరు, ఊరి బావిలో దిగనివ్వరు. ఇంక ఈత ఎక్కడ నేర్చుకోవాలి? కాలవ గట్టున పుట్టినవాళ్లు కొందరు నేర్చుకున్నారు. తక్కినవాళ్లకు రాదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఈత రానివాళ్లు కాదు.

కానీ సిగ్గుపడేది మనవాళ్లే. క్లబ్బులో చేరేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. ఈత వచ్చా? యాభై మీటర్లు ఈదగలవా? ఉబ్బసం ఉందా? ఫిట్సు వస్తాయా? అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పక్కనున్నవాళ్లంతా 'వచ్చు' అని టిక్కు పెడుతుంటే మనవాడొక్కడే 'రాదు' అని రాయలేడు. కోటాలో వచ్చాడు, ఇదీ రాదా అంటారని భయం. అందుకని వాడూ 'వచ్చు' అనే రాస్తాడు. ఆ అబద్ధం కాయితం మీద ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, పడవ బోర్లాపడిన రోజున బయటపడుతుంది. బడిలో పాఠాలు చెప్పేవాళ్లం కాబట్టి ఈ సిగ్గు మాకు బాగా తెలుసు. 'అర్థం కాలేదు సార్' అని ధైర్యంగా చెయ్యెత్తే పిల్లలు ఏ వీధి నుంచి వచ్చారో చూస్తే చాలు. ఆ ఫారం నలుగురిలో నింపించకూడదు. రాదని రాసినవాడిని వెనక్కి పంపకూడదు, ముందు ఈత నేర్పాలి. ఈ రెండూ చెయ్యని క్లబ్బు ఎన్ని లైఫ్ జాకెట్లు కొన్నా దండగే.

జాకెట్లు వద్దని కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి డ్యాం నీళ్లు వదిలితే కొట్టుకుపోయారు. వాళ్లు పడవ కూడా ఎక్కలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక పడవ మునిగి యాభైమంది దాకా పోయారు. నీళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లేవాడు ముందుగా ఎవరిని అడిగాడు, ఏం తెలుసుకున్నాడు, వెంట ఎవరున్నారు అనేవి ప్రాణాల లెక్క. 

ఇప్పుడు ఆ ఆట సంగతి కొంచెం చెప్పుకుందాం, లేకపోతే తక్కినది అర్థం కాదు. బ్రిటన్ యూనివర్సిటీల జట్టు పందాల్లో ఫైర్‌ఫ్లై అనే చిన్న పడవ వాడతారు. పడవకు ఇద్దరు. చుక్కాని, పెద్ద తెరచాప తాడు ఒకరి చేతిలో, ముందుండే చిన్న తెరచాప తాడు రెండోవారి చేతిలో. ఇటు మూడు పడవలు, అటు మూడు పడవలు పోటీ పడతాయి. తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేటప్పుడు దాని అడుగున ఉండే కొయ్య విసురుగా వస్తుంది, తల వంచకపోతే పగులుతుంది. వెంట ఇంజను పడవ ఉండాలి. దాన్ని నడిపేవాడు ఇంజను ఆపే తాడును తన ఒంటికి తగిలించుకోవాలి. తాను నీళ్లలో పడితే ఇంజను ఆగిపోవాలి. లేకపోతే మనిషి లేని ఆ పడవే సుడి తిరిగి వచ్చి ఈదుతున్నవాళ్లను కోసేస్తుంది.

ఇంత ఇరుకు పడవలో ఇద్దరే ఉంటారు. అందులో చుక్కాని పట్టేది సాధారణంగా పాతవాడు, తాడు పట్టేది కొత్తవాడు. 'తల వంచు' అంటే వంచాలి, 'ఇటు జరుగు' అంటే జరగాలి. నీళ్ల మీద ఎదురు మాట్లాడితే ఇద్దరూ మునుగుతారు. అది సరే. ఒడ్డుకు వచ్చాక కూడా ఆ పెత్తనం దిగకపోతేనే గొడవ. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరు పందానికి పోవాలో, ఎవరికి సర్టిఫికెట్టు రావాలో తేల్చేవాడి చేతిలో కొత్తపిల్ల భవిష్యత్తు ఉంటుంది. శని, ఆదివారాల్లో ఊరుకాని ఊరు పోతారు. ఖర్చు తగ్గుతుందని అక్కడి విద్యార్థుల ఇళ్లలో నేలమీద పడుకోవడం మామూలు. రాత్రి తాగుడు ఉంటుంది. కొత్తవాళ్లను 'కలుపుకునే' తంతులు ఉంటాయి. మన ర్యాగింగుకు అది దొరల పేరు. 2016 డిసెంబరులో న్యూకాజిల్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి సంఘం అలాంటి తంతులో తాగించిన తాగుడుకు 20 ఏళ్ల కుర్రవాడు చనిపోయాడు. అది పడవల క్లబ్బు కాదు గానీ తంతు ఒకటే.

బ్రిటిషువాళ్లు దీనికి 'సేఫ్‌గార్డింగ్' అని పేరు పెట్టారు. మనం కాపుదల అందాం. వాళ్లకది మంచితనం వల్ల రాలేదు. ఒలింపిక్ స్థాయి ఈత కోచ్ ఒకడు తన దగ్గర నేర్చుకునే ఆడపిల్లల మీద ఏళ్ల తరబడి అత్యాచారాలు చేశాడు. 1995లో వాడికి 17 ఏళ్ల శిక్ష పడింది. ఆ అవమానం తర్వాతనే, 2001లో, ఆటల్లో పిల్లల రక్షణకు ప్రత్యేక విభాగం పెట్టుకున్నారు. తెరచాప పడవల ఆటను చూసే రాయల్ యాటింగ్ అసోసియేషన్ కూడా క్లబ్బులకు కాపుదల నియమాలు రాసి ఇస్తుంది. యూనివర్సిటీ క్లబ్బుల్లో సభ్యుల బాగోగులు చూసే కార్యదర్శిని సభ్యులే ఎన్నుకోవడం అక్కడ మామూలు. 2022లో చట్టం కూడా మార్చారు. 16, 17 ఏళ్ల పిల్లతో ఆమె కోచ్ సంబంధం పెట్టుకుంటే, పిల్ల ఒప్పుకుందన్నా నేరమే. అధికారం ఉన్నవాడి ముందు ఒప్పుకోలుకు విలువలేదని ఆ చట్టం గుర్తించింది. ఈ ఒక్క ముక్క మన దగ్గర ప్రతి గ్రౌండులోనూ గోడమీద రాయాలి.

అయితే వాళ్ల చట్టంలో ఒక ఖాళీ ఉంది. రంగు ఉంది, మతం ఉంది, ఆడా మగా ఉంది, కులం అన్న మాట మాత్రం సూటిగా లేదు. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటే చెప్పింది. 2018లో ప్రభుత్వం చేర్చేది లేదు పొమ్మంది. 2014లో ఒక కోర్టు తీర్పు మాత్రం కొన్ని సందర్భాల్లో కులం 'జాతి మూలం' కిందికి రావచ్చంది, అంతే. అక్కడికి పోయే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ క్లబ్బులో తెల్లవాడు మన ఇంటిపేరు అడగడు. మన తెలుగువాడే అడుగుతాడు. 'మీదే ఊరు, ఊళ్లో ఎక్కడ, మీ నాన్న ఏం చేస్తారు' అని మూడు ప్రశ్నల్లో పట్టేస్తాడు. మర్నాటి నుంచి కారులో చోటుండదు, వంటలో వాటా ఉండదు. బాగోగుల కార్యదర్శి దగ్గరికి పోయి చెబితే ఆ తెల్లపిల్లకు ఏం జరిగిందో అర్థం కాదు. అర్థమయ్యేట్టు చెప్పాల్సిన పని కూడా మన నెత్తినే పడుతుంది. చెప్పాలి. రాసి చెప్పాలి.

ఇక మన దేశం సంగతికొద్దాం. గురువుల పెత్తనానికి బలైన మొదటి ఆటగాడు ఏకలవ్యుడు. పాఠం చెప్పకుండానే బొటనవేలు అడిగిన కోచ్ పేరుతో మన ప్రభుత్వం అవార్డులిస్తోంది! ఆ బొటనవేలు ఇప్పటికీ అడుగుతున్నారు. 2022 జూన్‌లో స్లొవేనియా శిబిరం నుంచి ఒక మహిళా సైక్లిస్టు తన కోచ్ మీద ఫిర్యాదు చేసింది. రోజులు తిరక్కుండానే జర్మనీ వెళ్లిన ఒక మహిళా సెయిలర్ కూడా తన కోచ్ మీద ఫిర్యాదు చేసింది. అప్పుడు గానీ ఆడపిల్లలున్న జట్టు వెంట మహిళా కోచ్ తప్పనిసరి అని క్రీడా ప్రాధికార సంస్థ ఆదేశించలేదు. 2023లో మహిళా మల్లయోధులు జంతర్‌మంతర్ దగ్గర రోడ్డుమీద పడుకోవాల్సొచ్చింది. ఒలింపిక్ పతకాలు మెడలో ఉన్నవాళ్ల గతే అది. వెలివాడ నుంచి వచ్చి మొన్ననే పడవెక్కిన పిల్ల మాట ఎవరు వింటారు?

చట్టాలు లేక కాదు. 2013 చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను కూడా పనిచేసే చోటుగా లెక్కగట్టింది. 2015 యూజీసీ నియమాలు ఇంకా ముందుకు పోయాయి. విద్యార్థి వెళ్లిన విహారయాత్ర, క్యాంపు, ఆటలపోటీ, అక్కడికి తీసుకెళ్లిన వాహనం, ఇవన్నీ క్యాంపస్ కిందికే వస్తాయి. 'మా గేటు బయట జరిగింది, మాకు సంబంధం లేదు' అని ప్రిన్సిపాల్ అనడానికి వీల్లేదు. విద్యార్థుల వ్యవహారమైతే ఫిర్యాదుల కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలి. వీసీ, రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి అందులో ఉండకూడదు. పద్దెనిమిది నిండని పిల్ల అయితే 2012 పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పనివాడు కూడా నేరస్తుడే. కులం పేరుతో హింసించడం, వెలివేయడం ర్యాగింగే అని 2016లో యూజీసీ నియమం మార్చింది. ఎస్సీ, ఎస్టీ చట్టం ఎలాగూ ఉంది.

ఉండి ఏం లాభమో చూశాం. ఎయిమ్స్‌లో మన విద్యార్థుల్ని భోజనాల దగ్గరా, ఆటల్లోనూ వేరుచేస్తున్నారని 2007లో థోరట్ కమిటీ రాసింది. 2012లో సమానత్వ నియమాలొచ్చాయి. 2016 జనవరి 17న రోహిత్ పోయాడు. 2019 మే 22న పాయల్ తడ్వి పోయింది. ఆ ఇద్దరు తల్లులు సుప్రీంకోర్టుకెళ్లి కొట్లాడితే 2026 జనవరిలో కొత్త నియమాలొచ్చాయి. అదే నెలలో వాటి మీద స్టే కూడా వచ్చింది. అగ్రకులాలవాళ్లకు వారాలు చాలాయి, మన తల్లులకు ఏళ్లు పట్టింది.

అందుకే క్లబ్బు ఏదైనా, చేరకముందే మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. జట్టును ఎంపిక చేసేవాడే ఫిర్యాదులు కూడా తీసుకుంటున్నాడా? అట్లయితే అది ఫిర్యాదుల పెట్టె కాదు, ఎలుకల బోను. బాగోగులు చూసే మనిషి ఎంపికకు బయట ఉండాలి, ఒకరు కాదు ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. మనవాళ్లు ఒకరుంటే ఇంకా మంచిది, కానీ మనవాడైతే చాలు అనుకోవడం కూడా భ్రమే. క్యాంపుకు పోతే ఎవరు ఎక్కడ పడుకుంటారో ముందే కాయితం మీద ఉండాలి. కోచ్ పిల్లల్ని ఒంటరిగా గదికి పిలవకూడదు. అర్ధరాత్రి ఫోన్లో మెసేజీలు పెట్టకూడదు. ఖర్చు సంగతి కూడా కాపుదలలో భాగమే. సభ్యత్వం ఉచితమంటారు, తర్వాత తడిబట్టలకింత, బూట్లకింత, ప్రయాణానికింత అంటారు. అప్పు చేసిన పిల్లవాడు అప్పిచ్చినవాడి మీద ఫిర్యాదు చెయ్యలేడు. కాబట్టి మొత్తం ఖర్చు మొదటి రోజే చెప్పించుకోవాలి.

ఏదన్నా జరిగితే ఏడ్చి ఊరుకోకండి, కాయితం తీయండి. తేదీ, టైము, చోటు, అన్న మాట అన్నట్టే రాయండి. విన్నవాళ్ల పేర్లు రాయండి. రెండు ప్రతులు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. 2015 నియమాల ప్రకారం లైంగిక వేధింపు మీద మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. రాయలేని స్థితిలో ఉంటే తోటి విద్యార్థి రాసివ్వొచ్చు. ర్యాగింగు అయితే 1800-180-5522కు ఫోను చెయ్యండి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. తెలుగులో రాస్తే చిన్నతనం అనుకోవద్దు, రాయడమే ముఖ్యం. రెండో ప్రతి హాస్టలు ట్రంకుపెట్టెలో పెట్టకండి, ఇంటికి పంపండి. జైభీం!