ధవళేశ్వరం బడిలో ఒక పంతులుగారు

 

ధవళేశ్వరం పేరెత్తగానే ఎవరైనా కాటన్ దొరను, ఆయన గోదావరి మీద కట్టించిన ఆనకట్టను తలుచుకుంటారు. తలుచుకోవాలి కూడా. నేను మాత్రం ఇవాళ ఇదే ఊరి ఇంగ్లీషు బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఒక యువకుడి గురించి చెబుతాను. 1874లో ఆయనకు 26 ఏళ్లు, ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకంటే కాస్త పెద్ద. ఆ ఏడాదే ఇక్కడ ఆడపిల్లలకు బడి తెరిచారు, ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. ఆయన కందుకూరి వీరేశలింగం.

పండితుల మెప్పు కావాలంటే ఆయనకు కష్టమేమీ కాదు. పెదవులు కలిస్తే తప్ప పలకని అక్షరాలేవీ రానివ్వకుండా, అచ్చతెలుగులో, వచనమన్నది లేకుండా నలుడి కథను కావ్యం చేసిన చెయ్యి అది. ఆ దారినే సాగితే జీవితాంతం సత్కారాలు అందేవి. కానీ ఆడపిల్లల చదువు గురించీ, కచేరీల్లో లంచాల గురించీ, ముసలివాళ్లకు పసిపిల్లల్ని కట్టబెట్టడం గురించీ ఊరందరితో మాట్లాడాలనుకున్నారు. దానికి ఆ విద్య చాలదు. అందుకని పత్రికలో తన వచనాన్ని రానురాను తేలిక చేసుకున్నారు. తనకు బాగా వచ్చినదాన్ని పక్కనబెట్టి, ఎవరైనా మెచ్చుకుంటారో లేదో తెలియనిదాన్ని పట్టుకోవడం నా దృష్టిలో ఆయన చేసిన మొదటి సాహసం.

వ్యతిరేకత కూడా చిన్నవాళ్ల నుంచి రాలేదు. మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు మహాపండితులు. ఆయన ‘ఆంధ్ర భాషా సంజీవని’ స్త్రీవిద్య కూడదని వాదించింది. ‘వివేకవర్ధని’ కావాలని వాదించింది. వెంకటరత్నం పంతులుగారు పోటీగా ‘హాస్యవర్ధని’ తెస్తే, వీరేశలింగం ‘హాస్య సంజీవని’ తెచ్చారు. ఆ వేడిలోనే వీరేశలింగం ‘బ్రాహ్మ వివాహం’ ప్రహసనం వచ్చింది. జనం దాన్ని పెద్దయ్యగారి పెళ్లి అని చెప్పుకున్నారు. తెలుగులో నవల ఇంకా వేళ్లూనుకోని రోజుల్లో, 1878 నుంచి ఆయన నవల ‘రాజశేఖర చరిత్రము’ ‘వివేకవర్ధని’లో భాగాలుగా అచ్చయింది. తిట్టినవాళ్లకు వివరణలు ఇస్తూ కూర్చోలేదాయన. మళ్లీ రాశారు, మళ్లీ అచ్చు వేయించారు. పత్రికకు తర్వాతి సంచిక ఉంటుంది కదా, ఆ గడువే ఆయనకు ధైర్యమిచ్చిందని నేను నమ్ముతాను. మీరూ ఏదో ఒక గడువు పెట్టుకోండి.

విమర్శంటే చెవిన పెట్టనక్కర్లేదని నేననడం లేదు. ఆయన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో కాలనిర్ణయాల మీద పండితులు తప్పులు పట్టారు. కొత్త ఆధారాలు దొరికినప్పుడు ఆ పుస్తకాన్ని ఆయనే తిరగరాశారు. 1919 మే 27న మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట్లో కన్నుమూసేనాటికి ఆయన వయసు 71. అప్పటికీ ఆ సవరణ పనిలోనే ఉన్నారు. స్త్రీవిద్య విషయంలో అంగుళం జరగని మనిషి, ఒక కవి కాలం తప్పని తేలితే కొట్టేసి మళ్లీ రాసుకున్నారు. ఏ విమర్శకు తలవంచాలో, దేనికి వంచకూడదో ఆయనకు అంత స్పష్టంగా తెలుసు.

ఇంకొక్క సంగతి, మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలి వేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వండి పెట్టారు. ఆ పెళ్లికి కావలి కాసింది ఎవరనుకున్నారు? ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులు. సరిగ్గా మీ ఈడు వాళ్లు. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాళ్లు లేకపోతే ఆ పెళ్లి జరిగేదా అన్నది నాకు అనుమానమే. ఆలోచన ఒక్కరికే రావచ్చు, దాని పక్కన నిలబడటానికి పదిమంది కావాలి.

ఈ హాల్లో ఎవరి సంచిలోనో ఎవరికీ చూపించని కథ ఉంటుంది. ఎవరి ఫోన్‌లోనో సగం గీసిన బొమ్మ, సగం కట్టిన పాట, ఇంట్లో చెబితే నవ్వుతారని దాచుకున్న పథకం ఉంటాయి. ఇవాళ విడిపోయేలోగా మీ స్నేహితుల్లో అలాంటివాళ్లను వెతికి పట్టుకోండి. చూపించమని అడగండి. ఓపిగ్గా చూడండి. బాగున్నచోట బాగుందని చెప్పండి, బాగోలేనిచోట ఎందుకు బాగోలేదో వివరంగా చెప్పండి. మరోటి చేసినప్పుడు మీకే ముందు పంపమని మాట తీసుకోండి.