ఉన్నత పాఠశాలలో యంత్రశిల్ప విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



యంత్రవిద్య పట్టణమునకు సంబంధించినదనియు, గ్రామమునకు దానితో పనిలేదనియు తలచువారు నేటికిని కలరు. చేలో మోటారు ఆగిననాడు గాని ఆ తలపులోని లోపము బయటపడదు. అరిగినది బేరింగా, ఇరుసా యని నిర్ణయింపగలవారు ఊరిలో లేనిచో మడి ఎండును. ఆ నిర్ణయమునకు వలయు చదువును పదునాఱు, పదునేడేండ్ల బాలబాలికలకు పాఠశాలయందే నేర్పవచ్చునా?

నేర్పవచ్చునని లోకము చూచి చాలకాలమైనది. పూర్వము శిష్యుడు కార్ఖానాలో చేరి, అమ్మకపు వస్తువులు చేయుచు, చూచి నేర్చుకొనెడివాడు. 1868 ప్రాంతమున మాస్కో సాంకేతిక విద్యాలయమున విక్టర్ డెల్లావాస్ వస్తువును విడిచి క్రియను పట్టుకొనెను. ఆకురాయి పట్టుట, ఉలితో చెక్కుట, బెజ్జము వేయుట, తరిమెన త్రిప్పుట, వీనిని విడివిడిగా, ఓనమాలు దిద్దించినట్లు నేర్పించెను. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఆ అభ్యాసఖండములు అమెరికా విద్యావేత్తల నాకర్షించెను. 1880లో సెయింట్ లూయీ నగరమున కాల్విన్ వుడ్‌వర్డ్ తెరచిన పాఠశాలలో బాలురు గణిత సాహిత్యములతో పాటు కొలిమిపనియు నేర్చిరి.

భారతదేశమున 1952లో నియమితమైన మొదలియారు సంఘము మరుసటి యేడు నివేదిక నిచ్చుచు, ఉన్నత పాఠశాలలో ఏడు శాఖలుండవలెనని సూచించెను. సాంకేతిక శాఖలో అనువర్తిత గణితము, రేఖాచిత్రణము, యంత్రశాస్త్ర ప్రారంభాంశములు చేరినవి. అటుపై బహుళార్థసాధక పాఠశాలలు వెలసినవి. ఆలోచన ఘనమైనదే. కాని ఆ పాఠశాలలకు ఉపాధ్యాయులను తయారుచేయుటకై మైసూరు, భోపాలు మొదలగు నాలుగుచోట్ల ప్రాంతీయ కళాశాలలు నెలకొన్నది 1963లో! విత్తనము చల్లిన పదేండ్లకు నాగలి చేయించినట్లైనది. 1966 నాటికి కొఠారీ సంఘము పదవ తరగతికి ముందు శాఖాభేదమే వలదనెను. తరువాత ఆ చదువు ఇంటర్మీడియెట్ వృత్తివిద్యా శాఖకు చేరినది.

ఇంతకును ఈ చదువులో బుద్ధికి పనియేమి యని పండితులు కొందఱడుగుదురు. ఇనుప ముక్కను ఆకురాయితో చదునుచేయుమని ఒక విద్యార్థి కిచ్చి చూడవలెను. చేయి ముందునకు సాగునపుడు కుడిచేతి బరువు హెచ్చి, ఎడమచేతి బరువు తగ్గవలెను. ఆ మార్పు తెలియనిచో నడుమ గుబ్బయై అంచులు వాలును. తులాదండ సూత్రమును పుస్తకమున వల్లించిన బాలుడు దానిని తన మణికట్టున మొదటిసారి ఎఱుగునది అచ్చటనే. లెక్కల చిట్టాలో పొరపాటు పడిన అంకెను కొట్టివేసి దిద్దవచ్చును గాని, ఎక్కువ రాచిన ఇనుము తిరిగి రాదు.

కొలతయు నట్టిదే. వెర్నియరు సాధనమున 49 మిల్లీమీటర్ల నిడివిని జారుబద్దపై 50 భాగములు చేయుదురు. ఒక్కొక్క భాగము మిల్లీమీటరుకంటె 0.02 తక్కువగుటచే, కంటికి అందని ఆ భేదము గీతల కలయికలో చదువవచ్చును. 25 మిల్లీమీటర్ల ఇరుసు 0.1 మాత్రమే అరిగినను బేరింగు లోపలి వలయము దానిపై జారి తిరుగును. అపుడు క్రొత్త బేరింగు ఎన్ని మార్లు కొన్నను డబ్బు దండుగ. రైతు పోగొట్టుకొను ధనమును ఆ చిన్న భిన్నము నిలుపగలదు.

భోజుని పేరిట నున్న సమరాంగణ సూత్రధారమున యంత్రములకు ప్రత్యేకాధ్యాయమే కలదు. అయినను కర్రుతో దున్నుకొనుచు కర్రు చేసిన చేతిని చిన్నచూపు చూచుట ఈ దేశమున పోలేదు. మార్కులు రానివారికే వృత్తిశాఖ యను మాట అందుండి పుట్టినదే. ఈ మాట వినుచు చేరిన బాలునికి ఆకురాయి శిక్షగానే తోచును. గణితమున దిట్టయైన వారిని సయితము అందు చేర్చవలెను. ఆడపిల్లలకు తరిమెన వలదనుట మానవలెను. అందు చదివినవారికి పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు ద్వారములు మూయరాదు.

ఇక పరీక్ష. పనిని గూర్చి నాలుగు పుటలు వ్రాయించుట పరీక్ష కాదు. విద్యార్థి చేసిన ముక్కపై మూలమట్టము నుంచి వెలుతురున కెత్తి చూచిన చాలును. సందున వెలుగు కనబడినచో మరల రాయవలసినదే.

ఈ గ్రంథాలయమున పురాణములకును నవలలకును బీరువాలున్నవి. యంత్రచిత్రముల పుస్తకములకు ఒక అఱ కేటాయించి, పత్రికల బల్లపై ఒక వెర్నియరు నుంచినచో సాయంకాలము వచ్చు పిల్లలు తమంత తామే పెన్సిలు మందము కొలిచి చూతురు.