పెద్దప్రేగు పరీక్షను గుఱించి
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను విద్యను గుఱించి మాటలాడుమనిరి. ఆ పని నేను బడిలో ముప్పదియేండ్లు చేసితిని. నేడు సభలయం దెవ్వరును నోరెత్తని విషయ మొకటి విన్నవింతును. వినుటకు సిగ్గుగ నుండవచ్చును. ఆ సిగ్గే మనవారి ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది.

మన కర్నూలు, కడప సీమ పల్లెలలో మలముతో రక్తము పడెనేని మొలలని పేరుపెట్టి, కారము మానుమని చెప్పి, నాటుమందు మ్రింగించి యూరకుందురు. తఱచు అవి మొలలే యగును, అన్నివేళల గాదు. పెద్దప్రేగు లోపొరపై పులిపిరివలె మొలచు కండను వైద్యులు పాలిప్ అందురు. అందు అడినోమా యను జాతివి కొన్ని మెల్లమెల్లగ, తఱచు పదియేండ్లకు బైగా గడచిన పిమ్మట, క్యాన్సరుగా మాఱును. అంతకాలమును నొప్పి యుండదు, రక్తమైనను బడకపోవచ్చును. ఆ లోపల గనిపెట్టి తీసివేసినచో ఆ కండ క్యాన్సరు గాజాలదు.

సంస్కృతము చదివినవాడను గనుక సుశ్రుతుని దలపక యుండజాలను. ఆయన చెప్పిన అర్శోయంత్రము ఆవుచన్ను ఆకారము గల గొట్టము. పొడవు నాలుగువ్రేళ్ల ప్రమాణము. లోహముతోనో, దంతముతోనో, కొమ్ముతోనో, కొయ్యతోనో చేయవలసినది. లోపల జూచి చికిత్స చేయవలెనను బుద్ధి అందు గలదు. అయినను సర్వము మన గ్రంథములలోనే యున్నదని చప్పట్లు కొట్టింపను. నాలుగువ్రేళ్ల గొట్ట మెక్కడ, ఐదడుగుల పెద్దప్రేగెక్కడ!

న్యూయార్కు నగరమున 1969లో ఉల్ఫ్, షిన్యా యను వైద్యులు పొడవైన మెత్తని గొట్టముద్వారా తీగయుచ్చు పంపి, కడుపు కోయకయే పాలిప్పును దీసిరి. ఈ పరీక్షయే కొలనోస్కోపీ. అట్లు తీయించుకొనినవారియందు క్యాన్సరు, ఊహించినదానికంటె నూటికి 76 మొదలు 90 పాళ్లు తగ్గెనని 1993లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి.

అయితే గొట్టమున్నంతనే చాలదు. దానిని వెనుకకు దీయునప్పుడు నిదానముగ మడతమడతయు జూడవలయును. ఆఱు నిమిషములకు దక్కువగ ముగించు వైద్యులకంటె నిలిచి చూచువారికి అడినోమాలు మిక్కిలిగ గనబడెనని 2006లో తేలినది. జవాబుపత్రములు దిద్దినవారికి ఈ మాట వింతగాదు. వైద్యుడు అడినోమాలు కనిపెట్టు పాలు నూటికొక్కటి పెరిగినకొలది అతని రోగులకు తరువాత క్యాన్సరు వచ్చు భయము నూటికి మూడుపాళ్లు తగ్గునని 2014 నాటి లెక్క. ఇపుడు కృత్రిమమేధ కూడ తెరపై అనుమానపు చోటును గుఱుతువేసి చూపుచున్నది. 2019లో చీనాదేశమున దాని తోడ్పాటుచే నూటికి ఇరువదిమందిలో గనబడుచుండిన అడినోమాలు ఇరువదితొమ్మిదిమందిలో గనబడెను.

నేర్పునకు మనవారిలో గొఱత లేదు. ఎండోస్కోపీ విద్యలో లోకప్రసిద్ధులై 2025లో పద్మవిభూషణమునకు ఎంపికైన డాక్టరు నాగేశ్వరరెడ్డిగారు మన కర్నూలు వైద్యకళాశాలలో జదివినవారే.

పెండ్లిమాట వచ్చినపుడు గోత్రప్రవరలు తడుముకొనక చెప్పుదుము; తాత యే వ్యాధితో గతించెనో చెప్పలేము. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని యీ క్యాన్సరు వచ్చిన యింటివారు నలువదవయేటనో, అంతకు ముందో, వైద్యుని యడిగి చూపించుకొనవలయును.

ఇక అసలు మనవి. ప్రేగు శుభ్రముగ లేనిచో ఎంతటి వైద్యునికిని ఏమియు గనబడదు. ముందుదినము సంగటి, ఆకుకూరలు, గింజలు మాని, విరేచనపు మందునీరు సగము రాత్రియు, సగము తెల్లవాఱకమునుపును ద్రాగవలయును. ఆదోని ప్రాంతపు పల్లెనుండియో, పులివెందుల ప్రాంతపు పల్లెనుండియో వచ్చు రైతు ఆ మందు త్రాగి బస్సులో నెట్లు కూర్చుండగలడు? అందుచే సగము మందే త్రాగి వచ్చును, లేదా రానే రాడు.

కావున కర్నూలునను కడపయందును మన వసతిగృహములలో రెండేసి గదులు, మరుగుదొడ్డితో, రేయింబవళ్లు నీటితో, ఇట్టివారికై విడిచిపెట్టవలయునని పోషకులను ప్రార్థించుచున్నాను. వేసవిలో నీటిబండి వెల పోషకులలో ఎవరైన నొకరు భరింపవలసియుండును. ఆ గదులు మనకులమువారికే యను నియమము పెట్టవలదు.