దారి తెరిచినవారు, ఖర్చు భరించేవారు
(పోలవరంలో పెన్షనర్ల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వర్తకం సులభం చేసే సంస్కరణలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమని కార్యవర్గం వారు నన్ను కోరారు. "ఈ గోల మనకెందుకండీ, డి.ఏ. సంగతి చెప్పండి" అని కొందరికి అనిపించవచ్చు. మన డి.ఏ. ఏ ఖజానా నుంచి రావాలో, ఈ ఖర్చులో చాలా భాగం కూడా ఆ ఖజానా నుంచే రావాలి. అందుకని కొంచెం ఓపిక పట్టమని మనవి.

ఇది మన గోదావరి సీమకు కొత్త సంగతి కాదు. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల నీటితోపాటు దారి కూడా వచ్చింది. కాటన్ దొర కాలువలను సాగుకే కాక పడవలకూ పనికివచ్చేలా లాకులతో కట్టించారు. ధాన్యం పడవ మీద ఊరు దాటింది. రైలు, లారీ వచ్చాక పడవలు తగ్గాయి. పూడిక తీయడానికి, లాకు తలుపులు బాగుచేయడానికి పడవల పేరిట డబ్బు అడిగేవారు లేకపోయారు. ఈనాడు డెల్టాలో లాకులున్నాయి, సరకు పడవలు లేవు. కట్టడం ఒక ఖర్చు, నిలబెట్టడం ఇంకొక ఖర్చు. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

నా ఉద్యోగ కాలంలో కొన్నేళ్ళు ఒక చెక్‌పోస్టులో గడిచాయి. లారీ ఆగేది, డ్రైవరు కాగితాలు తెచ్చేవాడు, మేము పద్దు రాసి ముద్ర వేసేవాళ్ళం. ప్రతి లారీకీ ఒక వరుస సంఖ్య ఉండేది. ఆ లారీ ఎన్ని గంటలు ఆగిందో రాయడానికి మాత్రం మా రిజిస్టరులో గడి లేదు. ఆ గంటల ఖరీదు సరకు ధరలో కలిసి మన ఇళ్ళకే వచ్చేది.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి, రాష్ట్ర సరిహద్దుల్లోని అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తివేశారు. మంచి పనే. కాని పన్ను పద్ధతి మారితే తమ రాబడి పడిపోతుందని రాష్ట్రాలు భయపడ్డాయి. అందుకని 2015-16 రాబడిని లెక్కకు తీసుకుని, ఏటా 14 శాతం పెరుగుదల చొప్పున, అయిదేళ్ళపాటు లోటు పూడుస్తామని కేంద్రం చట్టం చేసింది. దానికి కార్లు, సిగరెట్లు, బొగ్గు వంటి వాటి మీద సెస్సు వేశారు. కరోనా వచ్చేసరికి సెస్సు చాలలేదు. కేంద్రం అప్పు తెచ్చి 2020-21లో 1.10 లక్షల కోట్లు, మరుసటి సంవత్సరం 1.59 లక్షల కోట్లు రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ అప్పు తీర్చడానికి సెస్సును 2026 మార్చి వరకు పొడిగించారు. సంస్కరణ ఒక్క రాత్రిలో అమలయింది, దాని బాకీ ఏళ్ళ తరబడి నడిచింది.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే ప్రశ్న. రేవుల్లో, కస్టమ్స్‌లో కాగితాలు తగ్గించాలని 2013 డిసెంబరులో బాలిలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు ఒప్పందానికి వచ్చాయి. మద్దతు ధరకు ధాన్యం కొని నిల్వ చేసే మన పద్ధతికి రక్షణ తేలందే కుదరదని 2014 జూలైలో మన దేశం పట్టుబట్టింది. మన వరి రైతుకు సంబంధించిన పేచీ అది. నవంబరులో రాజీ కుదిరింది. 2017 ఫిబ్రవరి 22న ఒప్పందం అమలులోకి వచ్చింది.

అందులో ఒక మంచి ఏర్పాటు ఉంది. వర్ధమాన దేశాలు తమ బాధ్యతలను మూడు తరగతులుగా విడదీసుకోవచ్చు. వెంటనే చేయగలిగినవి ఏ తరగతి, గడువు కావలసినవి బి తరగతి, బయటి సాయం అందితేనే చేయగలిగినవి సి తరగతి. మన దేశం సి తరగతిలో ఏదీ పెట్టలేదు. అంటే మన గడువులు ఎవరి సాయం మీదా ఆధారపడవు. ఆ పూచీ మనదే.

అయినా అప్పులు లేకపోలేదు. ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో కట్టిన కాకినాడ లోతు నీటి రేవు 1997లో పనిలోకి వచ్చింది. 1999లో నిర్వహణ ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. విశాఖపట్నం-చెన్నై పారిశ్రామిక కారిడారుకు 2016లో అదే బ్యాంకు 63.1 కోట్ల డాలర్ల రుణాలు, గ్రాంటు మంజూరు చేసింది. రేవు అయితే ఓడల నుంచి రుసుము వసూలు చేసి తన ఖర్చు తాను చూసుకోగలదు. రొయ్యలను ఎగుమతికి ముందు పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలను తీసుకోండి. యంత్రం ఒక్కసారి కొంటారు. రసాయనాలు ఏడాది పొడుగునా కొనాలి, పరీక్ష చేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఆ మనిషి లేకపోతే యంత్రానికి దుమ్ము పడుతుంది, కంటైనరు రేవులో ఆగుతుంది, ఆగిన రోజుల నష్టం చివరకు చెరువు గట్టున ఉన్న రైతుకు తగులుతుంది.

మనం ఉద్యోగంలో ఉండగా ప్లాన్, నాన్-ప్లాన్ అని రెండు పద్దులుండేవి. 2017-18 బడ్జెట్ నుంచి కేంద్రం ఆ తేడా తీసివేసింది. పేరు పోయినా సంగతి పోలేదు. ప్రారంభోత్సవాలన్నీ ప్లాన్ పద్దులో జరిగేవి. జీతాలు, మరమ్మతులు, మన పెన్షన్లు నాన్-ప్లాన్‌లో ఉండేవి. కోత పెట్టవలసి వస్తే చూపు ముందుగా అటే పోయేది. అప్పిచ్చేవారికి కూడా కొత్త భవనం మీద ఉన్న మక్కువ పాత భవనం మీద ఉండదు.

కనుక సంస్కరణలు వద్దని నేను అనను. చెక్‌పోస్టు దగ్గర మళ్ళీ లారీలు బారులు తీరాలని నేను కోరను. ఏ పథకం ప్రకటించినా రెండు ప్రశ్నలు అడుగుదామంటాను. ఇందులో గ్రాంటు ఎంత, అప్పు ఎంత? అయిదో ఏట దీని జీతం, మరమ్మతు ఏ పద్దు కింద రాశారు? బడ్జెట్ పుస్తకాలతో తలలు నెరిసినవాళ్ళం. మన పిల్లలకు, మనుమలకు ఆ పద్దులు చదవడం నేర్పగలిగినవాళ్ళం కూడా మనమే.